ఒంట్లో పెట్టిన పేస్‌మేకర్ బయటికి ఎలా మాట్లాడుతుంది, ఆ మాటకి ఎంత బ్యాటరీ ఖర్చవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

తక్కువ కరెంటుతో నడిచే రేడియో చిప్‌లకి సర్క్యూట్లు డిజైన్ చేయడం నా ఉద్యోగం. మూడేళ్ల కిందట నాన్నకి పేస్‌మేకర్ పెట్టారు. అప్పటి నుంచి చుట్టాల్లో గానీ, మా అపార్ట్‌మెంట్‌లో గానీ, నాన్నతో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే వాళ్లలో గానీ ఎవరికి ఇంప్లాంట్ పెట్టినా ఫోన్ నాకే వస్తుంది. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాను, మందులూ ఆపరేషన్ల సంగతి మీ కార్డియాలజిస్టునే అడగండి. లోపలున్న రేడియో గురించీ దాని బ్యాటరీ గురించీ మాత్రం నాకు తెలిసింది చెప్తాను.

గుండెని కొట్టించే మెషిన్‌కి అసలు వైర్‌లెస్ ఎందుకు?

పెట్టిన రోజు చేసిన సెట్టింగ్ జీవితాంతం సరిపోదు కాబట్టి. మనిషి వయసు మారుతుంది, మందులు మారతాయి, గుండెలో పెట్టిన తీగ కొన దగ్గర కండరం కొంచెం గట్టిపడుతుంది, అప్పుడు ఇంకాస్త ఎక్కువ వోల్టేజీ ఇవ్వాల్సి రావచ్చు. మధ్యలో గుండె లయ తప్పిందా, ఎన్నిసార్లు తప్పింది, బ్యాటరీ ఎంత మిగిలింది, ఇవన్నీ డాక్టర్‌కి తెలియాలి. దానికోసం వైరు చర్మం బయటికి తీసి ఉంచితే అక్కడ ఇన్ఫెక్షన్ వస్తుంది. మొదట్లో అలాగే తీసేవాళ్లు, ఆ రోగులు చాలా బాధపడ్డారు. అందుకే చర్మాన్ని మూసేసి, గాలిలోంచి మాట్లాడటం మొదలైంది.

బ్యాటరీ ఎంత పెద్దది? అంత టెన్షన్ ఎందుకు?

లెక్క చెప్తాను, ఒక్కసారి ఓపిగ్గా చదవండి, మిగతా జవాబులన్నీ దీని మీదే నిలబడతాయి.

మామూలు పేస్‌మేకర్‌లో సుమారు 1 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుందనుకోండి. మన సెల్‌ఫోన్ బ్యాటరీలో నాలుగో ఐదో వంతు. ఫోన్‌ని రోజూ రాత్రి ఛార్జింగ్‌కి పెడతాం, ఇది 10 ఏళ్లు రావాలి. పదేళ్లకి 87,600 గంటలు. 1 ఆంపియర్ అవర్‌ని అన్ని గంటలకి పంచితే వచ్చే వాటా సగటున 11 మైక్రో ఆంపియర్లు, అంతే (మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు). గుండెకి షాట్ (కొట్టుకోమని ఇచ్చే చిన్న విద్యుత్ తట్టు) ఇవ్వడం, గుండె చప్పుడు వినడం, లోపలి కంప్యూటర్ నడవడం, రేడియో, అన్నీ ఆ 11 లోనే సర్దుకోవాలి.

ఇప్పుడు గుండెకిచ్చే ఒక్క షాట్ ఖర్చు చూద్దాం. 2.5 వోల్టులు, 0.4 మిల్లీసెకను, 500 ఓముల నిరోధం అనుకుంటే 5 మైక్రోజౌళ్లు వస్తుంది. ఇంప్లాంట్ల కోసమే చేసిన మంచి రేడియో చిప్ మాట్లాడేటప్పుడు సుమారు 5 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, అంటే 2.8 వోల్టుల దగ్గర సెకనుకి 14,000 మైక్రోజౌళ్లు. భాగించి చూడండి, 2,800 షాట్లు. నిమిషానికి 70 చొప్పున గుండెని 40 నిమిషాల పాటు కొట్టించే కరెంటు రేడియో ఒక్క సెకను మాటకి ఖర్చయిపోతుంది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు నాన్న పక్క గదిలో నిద్రపోతున్నారు, చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను.

అదే రేడియోని ఆపకుండా ఆన్‌లో ఉంచితే మొత్తం బ్యాటరీ 200 గంటల్లో, అంటే ఎనిమిది రోజుల్లో ఖాళీ. బ్యాటరీ ఖాళీ అంటే మళ్లీ ఆపరేషన్. డబ్బు సంగతి పక్కన పెట్టినా, తెరిచిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది, అదీ 75 ఏళ్ల మనిషికి. అందుకే ఈ రంగంలో రేడియో ఎంత దూరం వెళ్తుంది, ఎంత స్పీడుగా వెళ్తుంది అన్నవి రెండో వరస ప్రశ్నలు. ఎంతసేపు నోరు మూసుకుని ఉండగలదు అన్నదే మొదటి ప్రశ్న.

ఛార్జింగ్ పెట్టుకునేది తయారు చేయొచ్చు కదా?

మొట్టమొదటిది అలాంటిదే! 1958 అక్టోబర్‌లో స్వీడన్‌లో ఆకె సెన్నింగ్ అనే సర్జన్, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు చేసిన పేస్‌మేకర్‌ని ఆర్నె లార్సన్ అనే ఆయనకి పెట్టారు. దాంట్లో నికెల్ కాడ్మియం సెల్స్, బయటి నుంచి కాయిల్ పెట్టి ఛార్జ్ చేయాలి. ఆ మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం తర్వాత మార్చుకుంటూ మార్చుకుంటూ మొత్తం 26 పేస్‌మేకర్లతో 2001 దాకా, 86 ఏళ్లు బతికారు. 26 సార్లు. ఆ అంకె గుర్తు పెట్టుకోండి, బ్యాటరీ పొదుపు ఎవరి కోసమో అర్థమవుతుంది.

1970ల మొదట్లో విల్సన్ గ్రేట్‌బ్యాచ్ లిథియం అయోడిన్ బ్యాటరీని పేస్‌మేకర్లలోకి తెచ్చాక పరిస్థితి మారింది. అది ఛార్జ్ అవ్వదు, కానీ ఏళ్ల తరబడి నెమ్మదిగా, నమ్మకంగా ఇస్తుంది, అయిపోయే ముందు చెప్పి మరీ అయిపోతుంది. ఛార్జింగ్ మర్చిపోతే ప్రాణం మీదకొచ్చే వస్తువుకి అదే సరైనదని నా అభిప్రాయం. వెన్నెముక దగ్గర నొప్పికి పెట్టేవి, పార్కిన్సన్స్‌కి మెదడులో పెట్టే స్టిమ్యులేటర్లు కరెంటు చాలా ఎక్కువ తింటాయి, వాటిలో ఛార్జ్ చేసుకునే రకాలు ఉన్నాయి.

ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతుంది?

402 నుంచి 405 మెగాహెర్ట్జ్. అమెరికాలో 1999లో దీన్ని ఇంప్లాంట్లకి కేటాయించారు, మన దేశంలో కూడా 25 మైక్రోవాట్ల లోపు అయితే లైసెన్స్ అక్కర్లేదు. ఈ బ్యాండ్‌లోనే వాతావరణ శాఖ బెలూన్లకి కట్టి పైకి పంపే రేడియోసోండ్‌లు కూడా పనిచేస్తాయి. ఇంప్లాంట్ సిగ్నల్ గది దాటి పెద్దగా పోదు కాబట్టి ఇద్దరికీ గొడవ లేదు.

ఈ ఫ్రీక్వెన్సీనే ఎందుకంటే, మన కండరం దాదాపు ఉప్పునీళ్లు. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఉప్పునీళ్లు సిగ్నల్‌ని ఎక్కువగా మింగుతాయి. మరీ తగ్గిస్తే అంత చిన్న డబ్బాలో యాంటెన్నా పట్టదు. 400 మెగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగం పొడవు 75 సెంటీమీటర్లు, కండరంలో అది సుమారు 10 సెంటీమీటర్లకి కుదించుకుపోతుంది, కాబట్టి చిన్న యాంటెన్నాతో కూడా నెట్టుకురావచ్చు. డబ్బా టైటానియంది, లోహంలోంచి రేడియో బయటికి రాదు, అందుకని యాంటెన్నాని పైన పారదర్శకంగా కనిపించే ప్లాస్టిక్ లాంటి భాగంలో పెడతారు. ఎక్స్‌రేలో తీగలు వచ్చి కలిసే చోటు చూస్తారు కదా, అదే.

ఇంకో విషయం. బయటికి వెళ్లేది మహా అయితే 25 మైక్రోవాట్లు, బ్యాటరీ నుంచి లాగేది 14,000 (సెకనుకి ఒక మైక్రోజౌల్ అంటే ఒక మైక్రోవాటే). మిగతాదంతా ఎక్కడికి పోయింది? ఆ ఫ్రీక్వెన్సీని కచ్చితంగా పుట్టించి, కదలకుండా పట్టి ఉంచి, బయటి నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెద్దది చేసే సర్క్యూట్లకి. నాలాంటి వాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకునేది ఆ భాగాన్ని తగ్గించడానికే. అందుకే కష్టమైన పనంతా బయటి పెట్టె మీద, అంటే మంచం పక్కన ఉండి పేస్‌మేకర్‌తో మాట్లాడే మానిటర్ మీద వేస్తారు. ఖాళీ ఛానెల్ వెతకడం, గట్టిగా అరవడం, సన్నగా వచ్చేది చెవి రిక్కించి వినడం, అన్నీ దానివే, అది గోడ ప్లగ్గు మీద నడుస్తుంది కాబట్టి. ఈ బ్యాండ్ కోసం రాసిన అమెరికా నిబంధన కూడా అంతే: బయటి నుంచి అడిగితేనే ఇంప్లాంట్ మాట్లాడాలి, రోగికి ఏదైనా అయినప్పుడు మాత్రం తనంత తాను మాట్లాడొచ్చు.

రేడియో నిద్రపోతుంటే బయటి నుంచి పిలిస్తే ఎలా వినిపిస్తుంది?

అందరికంటే తెలివైన ప్రశ్న మా బాబాయ్ అడిగిన ఇదే. ఆయన రిటైరైన టెలిఫోన్ లైన్‌మాన్.

పెద్ద రేడియోని ఆపేసి, పక్కన ఒక చిన్న కాపలా రిసీవర్‌ని ఉంచుతారు. దానికి మాటలు అర్థం కావు, తలుపు ఎవరైనా కొట్టారా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది. జార్లింక్ అనే కెనడా కంపెనీ చేసిన చిప్‌లో ఇది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర వింటుంది, ఆ బ్యాండ్‌లో బయటి పెట్టె ఎక్కువ పవర్‌తో కొట్టడానికి అనుమతి ఉంది కాబట్టి లోపలి చెవి మొద్దుగా ఉన్నా సరిపోతుంది. అది కూడా ఎప్పుడూ వినదు, కాసేపటికోసారి ఒక్క క్షణం లేచి విని మళ్లీ పడుకుంటుంది. సగటున తినేది 250 నానో ఆంపియర్లు. పదేళ్లకి కూడితే 22 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే మొత్తం బ్యాటరీలో 2 శాతం. దీన్ని మించిన పొదుపు ఈ మొత్తం వ్యవస్థలో ఇంకోటి లేదంటాను.

పాత మోడళ్లలో ఇంకో పద్ధతి: డాక్టర్ గారు మౌస్ లాంటి దాన్ని ఛాతీ మీద ఆనించేవారు. కాయిల్‌కి కాయిల్ దగ్గరగా ఉంటేనే పని చేస్తుంది. చాలా ఆస్పత్రుల్లో ఇప్పటికీ చెకప్ అలాగే మొదలవుతుంది.

గుండె సిగ్నల్ మొత్తం రోజంతా పంపేస్తే డాక్టర్‌కి ఇంకా మంచిది కదా?

పంపితే ఏమవుతుందో చూడండి. సెకనుకి 256 శాంపిళ్లు, ఒక్కోటి 8 బిట్లు, రోజుకి 22 మెగాబైట్లు. సెకనుకి 200 కిలోబిట్లు పంపే రేడియోతో రోజుకి 15 నిమిషాలు. సగటున 51 మైక్రో ఆంపియర్లు అదనం. మొత్తం వాటా 11 అని చెప్పుకున్నాం, గుర్తుందా? పదేళ్ల పేస్‌మేకర్ రెండేళ్ల లోపే అయిపోతుంది.

అందుకే లోపలి కంప్యూటరే చూసి, మామూలుగా ఉన్నదాన్ని వదిలేసి, తేడాగా ఉన్న కొన్ని సెకన్ల ముక్కని మాత్రం దాచి, మిగతాదాన్ని అంకెలుగా మార్చి పంపుతుంది: ఇన్నిసార్లు లయ తప్పింది, ఇంత శాతం షాట్లు ఇచ్చాను, తీగ నిరోధం ఇంత. రోజుకి 10 సెకన్లు మాట్లాడితే సగటు 0.6 మైక్రో ఆంపియర్ కూడా దాటదు. లోపల ఆలోచించడం చవక, బయటికి చెప్పడం ఖరీదు. మెదడులో పెట్టే ఇంప్లాంట్లకైతే ఇది ఇంకా పెద్ద సమస్య. ఎలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ 2024 జనవరిలో మొదటి మనిషికి పెట్టినదాంట్లో 1,024 ఎలక్ట్రోడ్లున్నాయి. ఒక్కోదాని నుంచి సెకనుకి 20,000 శాంపిళ్లు, 10 బిట్ల చొప్పున అనుకుంటే సెకనుకి 200 మెగాబిట్లు దాటుతుంది. బ్లూటూత్‌లో అది పట్టే మాటే లేదు, నాడి కణం ఎప్పుడు మోగిందో అక్కడికక్కడే గుర్తుపట్టి ఆ సంగతి మాత్రమే పంపాలి. పుర్రె లోపల వేడి కూడా పెరగకూడదు కాబట్టి అక్కడ పొదుపు బ్యాటరీ కోసమే అనుకోవద్దు.

బ్లూటూత్ కూడా వాడుతున్నారట, నిజమేనా?

నిజమే. 2017 నుంచి మెడ్‌ట్రానిక్ లాంటి కంపెనీల పేస్‌మేకర్లు, అబాట్ చేసే గుండె మానిటర్లు తక్కువ కరెంటు బ్లూటూత్‌తో వస్తున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ని శరీరం ఎక్కువ మింగుతుందని పైన చెప్పాను, అయినా అటు వెళ్లడానికి కారణం, మంచం పక్కన వేరే పెట్టె కొనక్కర్లేదు, ఫోన్ అందరి చేతిలో ఉంది. లోపలిది అప్పుడప్పుడు ఒక చిన్న పలకరింపు పంపి, జవాబు రాకపోతే పడుకుంటుంది.

ఒక జాగ్రత్త. చాలా ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లని బ్యాటరీ ఆదా పేరుతో ఆపేస్తాయి. నాన్న ఫోన్ మార్చినప్పుడు మూడు వారాలు రిపోర్టు వెళ్లలేదు, ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తే గానీ మాకు తెలియలేదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి కొత్త ఫోన్ కొనిచ్చే ముందు ఆ మోడల్ మీద యాప్ నడుస్తుందో లేదో కనుక్కోండి.

బ్యాటరీ అసలే లేని ఇంప్లాంట్లు ఉన్నాయా?

ఉన్నాయి, అందులో ఒకటి మీరు చూసే ఉంటారు. చెవులు వినిపించని వాళ్లకి పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్. చెవి వెనక గుండ్రటి బిళ్ల అంటించుకున్న పిల్లలు కనిపిస్తారు కదా, మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ ద్వారా ఈ ఆపరేషన్ చేయించుకున్న పిల్లలు ఎంతోమంది. సాధారణంగా చర్మం లోపలి భాగంలో బ్యాటరీ ఉండదు. బయటి కాయిల్ నుంచి లోపలి కాయిల్‌కి కరెంటు వెళ్తుంది, అదే తరంగం మీద శబ్దం సమాచారం కూడా ఎక్కి వెళ్తుంది. రెండు కాయిళ్ల మధ్య కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి ఇది సాధ్యం. కాస్త దూరం పెరిగితే మాత్రం అయస్కాంత బలం దూరం మూడో ఘాతంలో పడిపోతుంది, దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతు. గుండె లోపల ఉన్నదానికి ఈ పద్ధతిలో కరెంటు పంపడం అందుకే కష్టం. కాక్లియర్ పిల్లల తల్లిదండ్రులకి ఒక్క మాట: బయటిది పాడైతే లోపలిది మూగబోతుంది, కాబట్టి విడి తీగలు, బ్యాటరీలు ఎక్కడ దొరుకుతాయో, ఎంతవుతాయో మొదటే రాసుకుని పెట్టుకోండి.

రెండోది కార్డియోమెమ్స్, నాకు చాలా ఇష్టమైన డిజైన్. గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్లే రక్తనాళంలో చిన్న సెన్సర్ పెడతారు, అందులో ఒక కాయిల్, రక్తపు ఒత్తిడికి వంగే ఒక కెపాసిటర్, అంతే. చిప్పు లేదు, బ్యాటరీ లేదు. రోగి యాంటెన్నా ఉన్న దిండు మీద పడుకుంటే బయటి రేడియో దాన్ని మోగిస్తుంది, గుడిగంట మోగినట్టు అది తన సొంత ఫ్రీక్వెన్సీలో మోగుతుంది, ఒత్తిడి మారితే ఆ స్వరం మారుతుంది. 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. లోపలిది అరిగేదేమీ లేదు.

రేడియో కాకుండా వేరే దారులు లేవా?

ఉన్నాయి, నా లెక్కన రేపటి రోజు వీటిదే.

ఒకటి, శరీరాన్నే వైరుగా వాడటం. 2023లో అమెరికాలో అనుమతి పొందిన అబాట్ వారి అవీర్ డీఆర్‌లో తీగలు లేవు, గుండె పైగదిలో ఒక చిన్న గొట్టం, కింది గదిలో ఇంకోటి, రెండూ విడివిడి పేస్‌మేకర్లు. ప్రతి కొట్టుకీ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియాలి, రోజుకి సుమారు లక్ష సార్లు. పైన చెప్పిన రేడియోతో చేస్తే ఆ బుల్లి బ్యాటరీ నిలవదు. అందుకని గుండె కండరం స్పందించనంత చిన్న, వేగమైన విద్యుత్ స్పందనలని నేరుగా రక్తంలోకి వదులుతాయి, ఉప్పగా ఉండే రక్తమే ఆ సంకేతాన్ని అవతలికి మోస్తుంది. రేడియోకి ఇన్నాళ్లూ అడ్డమైన ఉప్పునీళ్లే ఇక్కడ దారి అయ్యాయి. ఇది చదివిన రోజు నేను ఆఫీసులో అందరికీ బోర్డు మీద గీసి చూపించాను.

రెండోది అల్ట్రాసౌండ్. శరీరంలో శబ్దం సెకనుకి 1,540 మీటర్లే వెళ్తుంది, కాబట్టి మెగాహెర్ట్జ్ దగ్గరే తరంగం మిల్లీమీటరు అంత చిన్నది, ఇసుక రేణువంత దాన్ని కూడా గురి చూసి తాకొచ్చు. 2016లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు న్యూరల్ డస్ట్ పేరుతో ఎలుకల నరాల మీద చేసి చూపించారు. సెన్సర్ తానుగా ఏమీ పంపదు, తనని తాకి వెనక్కి వెళ్లే ప్రతిధ్వనిని కాస్త మారుస్తుంది. ఊపిరితిత్తుల గాలి, ఎముక అడ్డొస్తే మాత్రం శబ్దం ఆగిపోతుంది.

ఎవరైనా హ్యాక్ చేస్తే?

భయపడి రిమోట్ మానిటరింగ్ తీయించుకోవద్దు, కానీ ప్రశ్న న్యాయమైనదే. 2008లో అమెరికా పరిశోధకులు ల్యాబ్‌లో ఒక డిఫిబ్రిలేటర్‌తో (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే పెద్ద షాక్ ఇచ్చే ఇంప్లాంట్) రేడియో ద్వారా మాట్లాడి ఇది సాధ్యమని చూపించారు. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చెనీ తన పరికరంలో వైర్‌లెస్ ఆపించుకున్నానని 2013లో చెప్పారు. 2017లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సుమారు 4,65,000 పేస్‌మేకర్లకి ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించుకోమంది. అప్పుడు చెప్పిన ప్రమాదాల్లో తప్పుడు షాట్లతో పాటు బ్యాటరీని కావాలని ఖాళీ చేయడం కూడా ఉంది. తలుపు కొట్టిన ప్రతిసారీ లేచి నీకు తాళంచెవి ఉందా అని అడిగినా ఖర్చే కదా. అందుకే మొదటి పరిచయం ఛాతీకి ఆనించే కాయిల్‌తో చేయించడం మంచి పద్ధతి, దొంగ అంత దగ్గరికి రాలేడు. ఐఐటీ మద్రాసులో చదివిన శ్యామ్ గొల్లకోట బృందం 2011లో మరో దారి చూపింది: ఒంటి మీద ధరించే చిన్న పరికరమే పరాయివాళ్ల సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, లోపలి పేస్‌మేకర్‌ని మార్చే పనే లేదు, దాని బ్యాటరీ మీద భారమూ లేదు.

ఆ రేడియేషన్ ఒంటికి మంచిదేనా?

25 మైక్రోవాట్లు. మీ చెవి దగ్గర పెట్టుకునే ఫోన్ దీనికి వేల రెట్లు ఎక్కువ పంపగలదు. దీని గురించి నిద్ర పాడు చేసుకోకండి.

ఫోన్ షర్టు జేబులో పెట్టుకోవచ్చా?

పేస్‌మేకర్ ఉన్న వైపు జేబులో వద్దు, 15 సెంటీమీటర్ల దూరం ఉంచండి. ఇక్కడ ముఖ్యమైన సమస్య అయస్కాంతాలది. ఐఫోన్ 12 నుంచి చాలా మోడళ్ల వెనక అయస్కాంతాలు ఉంటున్నాయి, బలమైన అయస్కాంతం దగ్గరికొస్తే పేస్‌మేకర్ టెస్టింగ్ పద్ధతిలోకి మారిపోతుంది. వైర్‌లెస్ ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ని 30 సెంటీమీటర్ల దూరం పెట్టమని ఆపిలే చెప్తోంది.

మానిటర్ బటన్ నొక్కి రోజూ రిపోర్టు పంపొచ్చా?

వద్దండీ. మా అత్తయ్య రోజుకి రెండుసార్లు పంపేది, మనసు కుదుటపడుతుందని. చేత్తో పంపే ప్రతిసారీ లోపలి బ్యాటరీయే ఖర్చవుతుంది. డాక్టర్ చెప్పినప్పుడో, ఒంట్లో తేడాగా అనిపించి వాళ్లు పంపమన్నప్పుడో పంపండి. పెట్టెని మంచానికి దగ్గరగా, పడుకున్నప్పుడు ఒంటికి అడ్డం రాకుండా పెట్టండి, సిగ్నల్ తెగితే మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది, అదీ ఖర్చే. ఇంకో ముఖ్యమైన సంగతి: అవతల ఎవరూ 24 గంటలూ తెర ముందు కూర్చుని ఉండరు. ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా రిపోర్టు పంపి ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయండి.

నేను ఈసీఈ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టుకి ఏం చేయొచ్చు?

దయచేసి రేంజ్ పెంచే ప్రాజెక్టు చేయకండి. తక్కువ కరెంటు బ్లూటూత్ మాడ్యూల్ ఒకటి తీసుకుని, దాని సగటు కరెంటుని రోజు మొత్తానికి కొలవండి, మల్టీమీటర్ చూపించే అంకెని నమ్మొద్దు, ఆ చిన్న చిన్న శిఖరాలు దానికి అందవు. తర్వాత నీళ్లు, చక్కెర, ఉప్పు కలిపి కండరం లాంటి ద్రావణం చేసి మాడ్యూల్‌ని కవర్లో పెట్టి ముంచండి. చక్కెర పర్మిటివిటీని తగ్గిస్తుంది, ఉప్పు వాహకతని పెంచుతుంది. గాలిలో పది మీటర్లు వెళ్లిన సిగ్నల్ అక్కడ ఏమవుతుందో మీ కళ్లతో చూస్తే పుస్తకంలో పది పేజీలు చదివిన దానికంటే ఎక్కువ తెలుస్తుంది. ఆ తర్వాత అదే సమాచారాన్ని సగం బిట్లలో పంపడం ఎలా అని ఆలోచించండి.

మనిషి పోయాక దాన్ని ఏం చేయాలి?

అడగడానికి ఇబ్బందిపడుతూ చాలామంది అడిగారు. దహనం చేసేటట్టయితే ముందే తీయించాలి, మంటల్లో బ్యాటరీ పేలుతుంది, దగ్గరున్నవాళ్లకి ప్రమాదం. ఆస్పత్రిలోనే చెప్తే తీస్తారు. ఇంట్లో పోతే శ్మశానం వాళ్లకి చెప్పడం మర్చిపోవద్దు.

బ్యాటరీ అయిపోవస్తుందని ముందుగా తెలుస్తుందా?

తెలుస్తుంది. లోపలి కంప్యూటర్ బ్యాటరీ వోల్టేజీనీ, నిరోధాన్నీ చూసుకుంటూ ఉంటుంది. ఒక హద్దు దాటితే మార్చే సమయం వచ్చిందన్న గుర్తు పంపుతుంది, అప్పటి నుంచి సాధారణంగా మూడు నెలలు పూర్తిగా పనిచేసేంత మిగిల్చి ఉంచుతారు, తొందర లేకుండా ఆపరేషన్ తేదీ చూసుకోవచ్చు. చెకప్ రిపోర్టులో మిగిలిన కాలం ఏళ్లలో, నెలల్లో రాసి ఉంటుంది, డాక్టర్ గారు చెప్పకపోతే మీరే అడగండి. నాన్న రిపోర్టు చేతికి రాగానే నేను మొదట వెతికేది ఆ వరసే. పోయిన నెల చెకప్‌లో 7 ఏళ్ల 2 నెలలు అని ఉంది.